ఇసుక లేని పుట్టిల్లు

ఈ బసకు గోడల్లేవు, గడియల్లేవు. నాలుగు సరుగుడు గుంజలు, వాటిమీద తాటాకు కప్పు, కింద ఇసుక. తూర్పున బంగాళాఖాతం. పడమట సరుగుడు తోపు. దక్షిణాన కాకినాడ రేవు దీపాలు ఆకాశానికి పూసిన పసుపు మసక. పాక పక్కనే వలకంచె కట్టిన మడి, మడి నిండా బోర్లించిన వెదురుబుట్టలు. ఒక్కో బుట్ట కింద మూరెడు లోతు గుంట, ఒక్కో గుంటలో నూరుకు పైబడి గుడ్లు. ఆ మడి వారగా నాకు ఈతచాప పరిచారు. ఇంకా కళ్ళు తెరవని నాలుగు వేల ప్రాణాల పొత్తిళ్ళ పక్కన ఈ రాత్రి నా పడక.

ఊరి పేరు చెప్పను. ఉప్పాడ తీరమని మాత్రం అంటాను. పేరు చెబితే చూడ్డానికి జనం వస్తారు, జనంతో పాటు ఫోన్ల దీపాలు వస్తాయి, ఆ దీపాల వెంట దారి తప్పి ఈ పసికూనలు రోడ్డెక్కుతాయి. ఈ తీరానికి ఇప్పటికే వెలుతురు ఎక్కువైంది.

ఉగాదికి ఇంకా నాలుగైదు రోజులుంది. బహుళపక్షపు చీకటి. పొద్దుగూకగానే కావలి బాబాయి క్యారేజీ విప్పాడు. అన్నం, ఎండు మెత్తళ్ళు మామిడికాయ ముక్కలేసి వండిన పులుసు. ఆయన మత్స్యకారుడు. తాబేళ్ళ కాలంలో అటవీశాఖ వారు ఇచ్చే కావలి కూలికి ఇక్కడ రాత్రుళ్ళు కాస్తాడు, మిగతా కాలం వేటకెళ్తాడు. "పులుసులో పులుపు చాలిందాండీ?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా లేచి కంచె చుట్టూ తిరిగొచ్చాడు. నక్కలు, కుక్కలు, అడవిపందులు, చివరికి పిడికెడంత లేని ఇసుకపీతలు కూడా గుడ్ల వాసన పసిగడతాయట. టార్చికి ఎర్రకాగితం చుట్టి రబ్బరుబ్యాండు బిగించాడు. ఆ ఎర్రని గుడ్డివెలుగులో ఆయన ముఖం కంటే చేతులే ఎక్కువ కనిపించాయి. వలతాళ్ళు ఒరిపిడి పెట్టి గీసిన గీతలు, గీతల మధ్య తెల్లగా ఎండిన ఉప్పు.

దీపమారింది. ఆరగానే ఆకాశం ఒక్కసారిగా దగ్గరికొచ్చింది. పిల్లలకోడి తన పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని పడమటికి దిగుతోంది. గొల్లకావడి దాని వెనకే భుజం వాల్చింది. నీటిగాలి తాటాకుల్లో గరగరలాడింది. కెరటం విరిగి, నురగై, నురగ చప్పుడై, చప్పుడు చెమ్మై, చెమ్మ నా దుప్పటి అంచై, దుప్పటి అంచున ఉప్పై పేరుకుంది. పట్నపు గదిలో రాత్రి మనల్ని కప్పుతుంది. ఇక్కడ రాత్రి మనల్ని విప్పుతుంది. ఉద్యోగం, వయసు, ఇంటిపేరు ఒక్కొక్కటే జారిపోయి, చెవులూ ముక్కూ చర్మమూ మాత్రమే మిగిలాయి.

మడిలోకి చెప్పుల్లేకుండా అడుగుపెట్టనిచ్చాడు బాబాయి. ప్రతి బుట్ట దగ్గరా ఒక వెదురుపుల్ల, పుల్లకు గుచ్చిన అట్టముక్క. అట్టమీద గుడ్లు పెట్టిన తేదీ, గుడ్ల లెక్క. జనవరి నెలాఖరు తేదీలున్న వరుస ముందు పొదగాలి. నలభై అయిదు రోజులు దాటితే చెవి పెట్టి వినడమే. ఒక బుట్ట ఎత్తి చూపించాడు. ఇసుక నడిమిన గుండ్రంగా, చాలా కొంచెంగా, పళ్ళెమంత మేర కుంగి ఉంది. "లోపల గుడ్లు పగిలి పిల్లలు పైకి పాకడం మొదలెడితే పైఇసుక ఇలా దిగుద్దండి. రేపు తెల్లారేలోగా వచ్చెయ్యచ్చు" అన్నాడు. అరచేయి ఆన్చాను. పైన చల్లన, వేలు దించితే వెచ్చన. ఈ వెచ్చదనంలోనే బిడ్డల రాత ఉంది. ఇసుక వేడి ముప్పై డిగ్రీలకు కాస్త అటైతే ఆడపిల్ల, కాస్త ఇటైతే మగపిల్లవాడు. ఎండలు ముదిరిన ఏడాది మడికి నీడ వెయ్యకపోతే మొత్తం ఆడపిల్లలే పుట్టుకొస్తారు. మగతోడు లేని తరానికి తరం సముద్రంలో దిగిపోతుంది. పేరుకు ఇది ఇసుక. దీనికి గర్భసంచి పని, మంత్రసాని పని, బ్రహ్మ పని కూడా అప్పగించింది ప్రకృతి. అటువంటి ఇసుకను మనం లారీల లెక్కన కొంటాం, అమ్ముతాం.

అర్ధరాత్రి దాటాక గస్తీకి బయలుదేరాం. తేలు నక్షత్రం అప్పుడే సముద్రంలోంచి కొండి లేకుండా లేస్తోంది. తడి ఇసుకలో అరమైలు నడిచామో లేదో, బాబాయి నా మోచెయ్యి పట్టి ఆపాడు. ఎర్రవెలుగు నేలమీదికి వంచాడు.

జాడ. చిన్న ట్రాక్టరు చక్రం ఒకటి సముద్రంలోంచి లేచి నడిచొచ్చినట్టు, ఇసుకలో ఒక ముద్ర. మధ్యలో పొట్ట ఈడ్చిన నునుపు, ఇరుపక్కలా తెడ్డుకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తవ్వి వదిలిన కామాలు. నలభై కిలోల ఒళ్ళు. నీటిలో దూదిపింజై తేలిన ఒళ్ళు గట్టెక్కగానే బండై కుంగితే, ఆ బరువునంతా రొమ్ముతో ఈడ్చుకుంటూ వచ్చిన నిండుచూలాలి నడక. జాడ నిటారుగా వచ్చింది. వచ్చి వచ్చి ఒక చోట ఆగింది. అక్కడ రాళ్ళగోడ ఉంది. తీరం కోత ఆపడానికి గుట్టగా పోసిన నల్లరాళ్ళు, ఒక్కోటి మనిషి నడుమెత్తు, మనిషి పొడవు. రాళ్ళ మొదట్లో ఇసుక చిందరవందరగా ఉంది. ఎడమకు కొంత పాకింది. కుడికి కొంత పాకింది. ఒక రాతి అంచున ఇసుక తడిసి, గీకి, విడిచిన గుర్తు. ఆ తర్వాత జాడ అర్ధచంద్రంలా వంగి వెనక్కి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

గుంట తవ్వలేదు. గుడ్లు పెట్టలేదు. వచ్చింది, చూసింది, పోయింది.

తల్లీ! ఏ నీలాల లోతుల్లో నీకీ నేల కలలోకి వచ్చిందమ్మా? ఏ పగడపు పందిరి కింద నీ కడుపు బరువై, ఏ ప్రవాహం నీ చెవిలో ఈ ఒడ్డు పేరు ఊదింది? పన్నెండేళ్ళో పదిహేనేళ్ళో అయి ఉంటుంది నువ్విక్కడ అరచేతిలో పట్టేంత నల్లముద్దవై గుంటలోంచి పాకి. ఆ రాత్రి నీ పొట్టకు తగిలిన ఇసుక స్పర్శ ఒక్కటే నీకు తల్లి ఇచ్చిన సారె. దాన్ని ఇన్ని సముద్రాలు మోసి, ఇన్ని సొరచేపల నోళ్ళు తప్పించి, ఇన్ని వలల కళ్ళు దాటించి తీసుకొస్తే, పుట్టింటి గుమ్మంలో నీకు ఎదురొచ్చింది నల్లరాయి. ఏ ఆడపడుచుకీ వద్దమ్మా ఈ రాక. పసుపూకుంకుమా లేదు, చలిమిడీ లేదు, కాళ్ళకు నీళ్ళిచ్చే చెయ్యీ లేదు. కాళ్ళకు నీళ్ళిచ్చింది ఆ కెరటమే. అదీ నిన్ను తోలుకుపోవడానికే.

గట్టెక్కిన తాబేలు కంట నీరు కారుతుంది. తాగిన సముద్రంలోని ఉప్పును కంటి దగ్గరి గ్రంథి బయటికి తోసేస్తుంది, అంతకు మించి అందులో ఏమీ లేదంటుంది శాస్త్రం. శాస్త్రమే నిజం, ఒప్పుకుంటాను. పుట్టిన ఒడ్డుకే వస్తాయన్న మాటను కూడా మరీ బిగించి పట్టుకోకూడదు. 2021లో ఒడిశా తీరాన తెడ్డుకాలికి ముద్ర వేసి వదిలిన ఇదే జాతి రిడ్లీ తాబేలు ఒకటి 2025లో మహారాష్ట్రలో గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. దేశం చుట్టూ తిరిగి అరేబియా సముద్రంలో కాన్పు! గహిరమాత, ఋషికుల్య తీరాలకు ఒక్క రాత్రిలో వేలకు వేలుగా గుంపుకట్టి వచ్చేవీ ఇవే, మన గోదావరి తీరానికి ఒంటరిగా వచ్చేవీ ఇవే. చోటు దొరక్కపోతే మరో చోటు వెతుక్కుంటాయి. ఈ తల్లి కూడా వెతుక్కుందనే అనుకుందాం. అనుకుంటే నాకు నిద్ర పడుతుంది. వెతుక్కున్న ఆ ఒడ్డునైనా ఇసుక ఉండాలి కదా.

ఇసుక ఎటు పోయింది? రాతిమీద కూర్చున్నాను, అదే అడిగాను. గోదావరిని అడగాలి. త్ర్యంబకం దగ్గర బొట్టుగా పుట్టి, సహ్యాద్రి రాయిని నమిలి, ప్రాణహితనీ ఇంద్రావతినీ శబరినీ కలుపుకుని, పాపికొండల నడుమ సన్నబడి, రాజమండ్రి దగ్గర కడలంతై పారే తల్లి, ఒక్కో వరదకూ ఒడినిండా మన్నూ ఇసుకా తెచ్చి సాగరానికి పోసేది. సాగరం ఆ ఇసుకను తనకుంచుకునేది కాదు. నైరుతి కెరటాల చేత మోయించి ఉత్తరంగా తీరం పొడుగునా పంచేది. ఇసుకంటే ఒడ్డుకు నిలవధనం కాదు, రోజుకూలి. ఇవాళ వచ్చింది ఇవాళే పోతుంది, రేపటిది రేపు రావాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ తర్వాత పైనెక్కడెక్కడో ఆనకట్టలు, రిజర్వాయర్లు. నీళ్ళు ఆగాయి, నీళ్ళతో ఇసుకా ఆగింది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను తిట్టే నోరు నాకు లేదు. నేను రాత్రి తిన్న ముద్ద ఆ కాలవ నీళ్ళదే, మా తాతల ముత్తాతల కడుపులు నింపిందీ ఆ కాలవ నీళ్ళే. అయినా అన్నం తింటూనే ఏడవచ్చు, మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎన్నిసార్లు ఆ పని చెయ్యలేదు?

మిగిలిన కాస్తంత ఇసుకకూ దారిలో సుంకాలు. నదీముఖం దగ్గర దాన్ని కెరటాలే కొక్కెంలా పేర్చి పేర్చి హోప్ ఐలాండ్ చేశాయి. ఆ ఇసుకతిన్నె కాకినాడ అఖాతానికి గొడుగు పట్టింది, రేవుకు ప్రశాంతినిచ్చింది. గొడుగు దాటిన చోట వాన ఎక్కువ. అక్కడే ఉంది ఉప్పాడ. రేవు కోసం కట్టిన రాతికట్టలు కొంత ఇసుకను పట్టుకున్నాయి. తవ్వోడలు కొంత తోడాయి. ఉత్తరపు ఒడ్డుకు కూలి అందలేదు. అందని కూలికి బదులుగా సముద్రం ఇళ్ళు తీసుకోవడం మొదలెట్టింది. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద పెద్ద గుడ్డగొట్టాలు పరిచారు. జియోట్యూబ్ అంటే ఊళ్ళో పసివాడికీ తెలుసు. తుఫాను మీద తుఫాను వచ్చి వాటిని చించింది. హుద్‌హుద్ వచ్చింది, తర్వాత మరొకటి, ఆ తర్వాత మరొకటి. బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేశారో అన్నిసార్లు తెగింది. గొట్టాల తర్వాత రాళ్ళు. రాయి వేసిన చోట కెరటం ఆగినట్టే ఉంటుంది. ఆగిన కెరటం రాతి కాళ్ళ కింది ఇసుకను తోడుకుని, పక్క పేట మీద పడుతుంది. అక్కడా రాళ్ళడుగుతారు.

"మా మొదటిల్లు అదిగోండి" అన్నాడు బాబాయి. చెయ్యి చాపిన వైపు నీళ్ళు తప్ప ఏమీ లేవు. "ఆ నురగ ఇరుగుతుంది సూడండి, దాని అవతల. మా నాన్న కట్టిందండి. గుమ్మంలో ఏపచెట్టుండేది. రెండోది ఈ పక్క, రాయి కిందికొచ్చేసింది. ఇప్పుడు మూడోదాన్లో ఉంటన్నాం." ఆయన గొంతులో ఏడుపు లేదు. అది లేకపోవడమే నన్ను ఎక్కువ కోసింది. మేం ఇల్లు మారితే సామాను లెక్క చూసుకుంటాం. ఈయన ఇల్లు మారితే పటంలో ఊరి గీత వెనక్కి జరుగుతుంది.

పిఠాపురం రాజుల కాలంనాటి కట్టడాలూ, గుళ్ళూ ఈ నీళ్ళ కింద ఉన్నాయని ఇక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. అందుకే తుఫాను వెలిసిన మర్నాడు ఉప్పాడ ఒడ్డున ఒక వింత జాతర జరుగుతుంది. 2020 నవంబరులో నివర్ తుఫాను పోయాక పేపర్లన్నీ రాశాయి. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు దువ్వెనలతో, చీపురుపుల్లలతో, ఉత్త వేళ్ళతో తడి ఇసుకను గాలిస్తారు. రవ్వంత బంగారం, పూసంత బంగారం. రాజులదో, మునిగిన గుడి దేవుడిదో, నిరుడు కొట్టుకుపోయిన పక్కింటి కోడలి చెవిపోగుదో ఎవరికి తెలుసు? అవతల ఊళ్ళో మగ్గాల మీద జాందానీ చీరకు జరీపువ్వు ఎక్కుతూ ఉంటుంది, ఇవతల ఒడ్డున ఇసుక నుంచి జరీరవ్వలు ఏరుతూ ఉంటారు. దోచుకున్నవాడే చిల్లర విసిరితే ఏరుకునే ఈ తీరాన్ని చూసి, ఓ సముద్రుడా, రత్నాకరుడవని నిన్ను పొగిడిన నోళ్ళన్నీ ఒక్కసారి వచ్చి ఈ ఒడ్డున నిలబడాలి!

తిరుగుదారిలో వాసన ముందొచ్చింది, తర్వాత ఒళ్ళు. వెల్లకిలా పడి ఉబ్బిన తాబేలు, మెడ బయటికి సాగి ఉంది. కనుగుడ్లు పీతలు తినేశాయి. డిప్ప మీద దెబ్బ లేదు. మునిగి చచ్చిపోయింది. నీళ్ళలో బతికి నీళ్ళలో మునిగి చచ్చింది! తాబేలు ఊపిరితిత్తుల జీవి, ఎంత ఈదినా మధ్యమధ్య తల పైకెత్తి గాలి పీల్చుకోవాలి. మరబోటు ట్రాల్‌వల సముద్రం అడుగును గంటలతరబడి ఈడ్చుకుంటూ పోతుంటే, లోపల చిక్కినదానికి పైకి దారి ఉండదు. 2025 జనవరిలో ఈ కాకినాడ తీరం పొడుగునా ఇలాంటి కళేబరాలు కొట్టుకొచ్చి, ప్రభుత్వం విచారణకు ఆదేశించేదాకా వెళ్ళింది. వలకు ఊచల చట్రం బిగించి, పక్కన కిటికీ పెడితే రొయ్య లోపలుంటుంది, తాబేలు బయటపడుతుంది. ఆ చట్రం లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని వద్దంది కూడా. చట్రం పెడితే చేపా జారిపోతుందని బోటువాళ్ళ బాధ. డీజిలు అప్పు, ఐసు అప్పు, కళాసీల బత్తెం తలమీదుండగా కిటికీ తెరవమంటే ఎవరు తెరుస్తారు? వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది. ఈ తల్లులు సంక్రాంతికే వచ్చేస్తాయి. చట్టం వచ్చేసరికి చావులు అయిపోతాయి.

శ్రీకూర్మంలో కూర్మనాథుడికి గుడి కట్టుకున్న జాతి మనది. గుడి ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళకు ఆకుకూర పెట్టి దండం పెట్టుకుంటాం. మందరపర్వతాన్ని మోసిన వీపు అది. ఆనాడు పాలసముద్రాన్ని చిలికితే ఆ వీపు తట్టుకుంది. ఈనాటి చిలుకుడికి తట్టుకోలేక బోర్లాపడాల్సినవాడు వెల్లకిలా పడ్డాడు. అమృతం ఎవరికొచ్చిందో గానీ హాలాహలం మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాన్ని పుక్కిటపట్టే దేవుడు కనుచూపు మేరలో లేడు.

బాబాయి సరుగుడు తోపు అంచున గొయ్యి తీశాడు. ఇద్దరం చెరో తెడ్డుకాలూ పట్టి ఈడ్చాం.

నాలుగు దాటింది. తూర్పున నెలవంక గోటిగీతలా లేచింది. నాకు కునుకు పట్టబోతుండగా "లెగండి, లెగండి" అని భుజం తట్టాడు. బుట్ట కింద ఇసుక ఉడుకుతోంది. ముందు ఒక ముక్కు, దాని పక్కన ఒక తెడ్డు, ఆపైన పది తలలు, ముప్పై, లెక్కలేనన్ని. ఒకదాన్ని ఒకటి తొక్కుతూ, ఒకదానికి ఒకటి మెట్టై, ముదురు బూడిదరంగు పిల్లలు ఎగదన్నుకొచ్చాయి. అరచేతిలో ఒకటి పెట్టాడు. బొటనవేలంత ఒళ్ళు, అందులో ఎక్కడా భయం లేదు. నా వేళ్ళ సందుల్ని తెడ్లతో తోస్తూ ఈదుతోంది. గాల్లోనే ఈదుతోంది! పుట్టి అరగంట కాలేదు, ఎటు పోవాలో నాకంటే బాగా తెలుసు.

నీళ్ళలో పడెయ్యకూడదట. ఒడ్డుకు పది బారల దూరాన వదిలితే అవే పాకాలి. ఆ పాకుడే వాటికి పాఠం. వదిలాం. తూర్పు తెల్లదనం వైపు నూరు చిన్న చిన్న తెడ్లబళ్ళు కదిలాయి. ఒకటి మాత్రం వెనక్కి తిరిగి రేవు దీపాల మసక వైపు పాకడం మొదలెట్టింది. బాబాయి రెండడుగులు వేసి, ఒళ్ళడ్డంపెట్టి ఆ వెలుగును దానికి కనపడకుండా చేశాడు. అది ఆగింది, తలెత్తింది, మళ్ళీ తూర్పుకు తిరిగింది. మొదటి కెరటం కొన్నిటిని ఎత్తుకుపోయింది, కొన్నిటిని వెనక్కి విసిరింది. విసిరినవి మళ్ళీ పాకాయి. వెయ్యిలో ఒకటి బతికి పెద్దదవుతుందంటారు. ఆ ఒక్కటీ ఆడదైతే, పదిహేనేళ్ళకు నిండుకడుపుతో ఇక్కడికే వస్తుంది. ఎక్కడికి? నా కాళ్ళ కింది ఈ ఇసుక అప్పటికి ఏ ఊరి ముందు ఉంటుంది?

తెల్లవారింది. ఆ బుట్ట అట్టముక్క మీది లెక్కంతా బాబాయి రిజిస్టరులోకి ఎక్కించాడు. నూట పద్నాలుగు గుడ్లు, నూట ఒక్క పిల్ల, మిగతావి పొదగలేదు. ఎనిమిది కావస్తుండగా బీచ్ రోడ్డు మీద ఇంజను మూలుగు. రాళ్ళ లారీ. దాని వెనక ఇంకోటి. గోడ నిరుటి తుఫానుకు జారిపోయిన చోట నింపడానికి పంపారట. డ్రైవరు కుర్రాడు తల బయటికి పెట్టి, "మావా, పిల్లలెల్లిపోయాయా? దింపమంటావా?" అని కేకేశాడు. రాత్రంతా ఇసుకను కాసిన మనిషి కదా, ఆపుతాడేమోనని చూశాను. రిజిస్టరు చంకన పెట్టుకుని లారీకి ఎదురెళ్ళాడు బాబాయి. గోడ వెంట నడుస్తూ ఒక చోట ఆగి, చేత్తో చూపించాడు.

"ఇదిగో, ఈ ఎడాన రెండు బళ్ళు ఎక్కువ పొయ్యిరా అబ్బాయ్. ఎనకాల మా ఇల్లే."